డెబ్బై దిగిన రోజు

చెప్పులు విప్పి, తాళాల గుత్తీ ఫోనూ బియ్యం బస్తా మీద పెట్టి, కొంగుకున్న పిన్నీసులు కూడా తీసేసి ప్రసన్నకుమారి కాటా ఎక్కింది. ఊపిరి బిగబట్టింది. ఊపిరికి బరువుండదని ఆమెకు తెలుసు, అయినా బిగబట్టింది. కమలాపురంలో ఆడపిల్లల హాస్టల్ స్టోరు గదిలో కూరగాయలు తూచే కాటా అది. ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ తిరిగి ఒకచోట నిలబడ్డాయి. డెబ్బైకి కాస్త తక్కువ.

దిగి మళ్ళీ ఎక్కింది. అదే అంకె. నమ్మకం కుదరక, సీలు తీయని కందిపప్పు ప్యాకెట్టు పెట్టి కాటాను పరీక్షించింది. కాటా నిజమే చెబుతోంది. ఇంకోసారి ఎక్కబోతుంటే వంటింట్లోంచి శివలీల కేక వినబడింది.

"అక్కా, కాటా అరగదీస్తావేమి! ఎసరు మరుగుతాండాది, రా."

శివలీలది కోసిగి. మొగుడి వెంట పనికని ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయింది. హాస్టల్ వంటలో పెద్ద గుండిగలకు ఇద్దరూ చెరో పక్కా చెయ్యి వేయాల్సిందే కాబట్టి, ఒకరి కష్టం ఒకరికి తెలుసు. గడపలో నిలబడ్డ ప్రసన్నకుమారి మొహం చూసి ఆమె గరిటె పక్కన పెట్టింది.

"దిగినావా?"

"దిగినా మే. అరవకు. యెవురికీ చెప్పొద్దు."

ఇది చీరలు కట్టుకుని మురవడానికి తగ్గించిన బరువు కాదు. ప్రసన్నకుమారి తమ్ముడు హెన్రీ కడపలో ఆటో తోలేవాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి, ఏడాదికి పైగా డయాలిసిస్ మీద బతుకుతున్నాడు. అక్క కిడ్నీ తమ్ముడికి సరిపోతుందని కర్నూలు డాక్టర్లు తేల్చారు. రక్తం కలిసింది, ఇంకా ఏవేవో కలిశాయి. కలవనిదల్లా ఆమె ఒళ్ళే. ఇంత లావు మనిషిని కోయడం మంచిది కాదు, డెబ్బై లోపుకు దిగి రమ్మన్నారు. అప్పటికామె ఎనభై దాటి ఉంది. తమ్ముడి ప్రాణానికి అడ్డంగా కూర్చున్నది తన పొట్టేనని విన్నరోజు ఆమె పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. కర్నూలు నుంచి తిరిగొచ్చేదాకా బస్సులో కొంగు పొట్ట మీదనుంచి తీయలేదు.

ఆ ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే హర్షిణి అనే అమ్మాయి ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఒకేసారి కొండంత లక్ష్యం పెట్టుకోవద్దు, రెండేసి కిలోలుగా పెట్టుకోండి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా మీకు మీరే ఏదైనా బహుమతి ఇచ్చుకోండి. తినేది మాత్రం కాకూడదు.

ప్రసన్నకుమారి తల ఊపిందే గానీ, ఇదేం విడ్డూరమో ఆమెకు బోధపడలేదు. పిల్ల పరీక్ష పాసైతే పాయసం. ప్రార్థన ఫలిస్తే చర్చిలో కృతజ్ఞత కూడిక, కూడిక అంటే మటన్. సంతోషమనేది ఆమె ఎరిగినంతలో పళ్ళెంలోనే వస్తుంది. పైగా తన చేత్తో తనకే బహుమతి ఇచ్చుకోవడమేమిటి? మొగుడు బతికున్న రోజుల్లోనూ ఆమె తనకంటూ ఏమీ అడిగిన మనిషి కాదు. చివరికి మొదటి మెట్టుకు వాసన సబ్బు ఒకటి కొనుక్కుని, ఎవరూ వాడకుండా దాచిపెట్టి, వాడుకుంటున్నప్పుడల్లా దొంగతనం చేసినట్టు ఫీలయింది. రెండో మెట్టుకు, ఆదివారం చర్చి గంట కొట్టేదాకా పడుకోవాలనుకుంది. పడుకుంది, నిద్ర మాత్రం రాలేదు. తర్వాతి మెట్టుకు కొత్త రవికె కుట్టించుకుంది. కొలత తీసుకున్న దర్జీ పాత కొలతతో పోల్చి, "ఒళ్ళు బాగలేదా అమ్మా?" అని అడిగితే ఆమెకు ఎంత సంతోషమైందో చెప్పలేం.

మెట్టు దిగిన ప్రతిసారీ తమ్ముడికి ఫోన్ చేసి అంకె చెప్పేది. "యాడ పోతాండాదక్కా ఆ కొవ్వంతా? నాకు రోంత పంపరాదా?" అని అతను నవ్వేవాడు.

అంతా బాగానే నడిచేది, చివరి మెట్టు దగ్గర ఆమె తొందరపడకపోతే. పోయిన నెల కర్నూలు పోవాల్సిన వారం, ఇంకా రెండు కిలోలు మిగిలే ఉన్నాయి. చర్చిలో ఆడవాళ్ళు మూడు దినాల ఉపవాసం పట్టారు, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. దేవుడికి మొరా చేరుతుంది, ఒళ్ళూ తగ్గుతుందని ఈమె కూడా కూర్చుంది. ఒళ్ళు తగ్గింది. ఆసుపత్రిలో కాటా డెబ్బై లోపే చూపించింది. రక్తం తీసి చూస్తే మాత్రం, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్కే తప్పింది. "ఏం చేశారమ్మా?" అని డాక్టర్ అడిగాడు. ఉపవాసముంటినని చెప్పింది. నీళ్ళు బాగా తాగి, కడుపుకు తింటూ తగ్గించుకుని నెల తర్వాత రమ్మన్నాడు.

హెన్రీ ఆమె మీద కోప్పడింది ఆ ఒక్కసారే.

"నాకు గొంతు తడుపుకునేదానికి కూడా కొలతబెట్టినారు. నీకు దేవుడు కడవల కొద్దీ ఇచ్చినాడు, తాగనంటావా? యెవురి కోసరమక్కా?"

నీళ్ళు తాగడంతో పోయిన బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ నెలంతా ఆమెకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. కూర్చుని ఉల్లిగడ్డలు తరిగే మనిషి నిలబడి తరగడం మొదలుపెట్టింది. పిల్లలు తినేసి వెళ్ళాక వంటింటి చుట్టూ తిరిగేది. ఉప్పు చూసే పని శివలీలకు అప్పజెప్పింది. శివలీల నాలుకకు కోసిగి కారం తప్ప ఇంకేదీ ఆనదు, కాబట్టి ఆ నెల హాస్టల్ పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నారు.

రేపే మళ్ళీ కర్నూలు. ఇవాళ మధ్యాహ్నం పని ముగించుకుని కడప పోయి, రాత్రికి తమ్ముడింట్లో పడుకుని, తెల్లవారి అతన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాలి. ఈ చివరి మెట్టుకు బహుమతి ఏమిటో ఆమె ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. ఈసారి అంకె ఫోన్‌లో చెప్పదు. ఎదురుగా కూర్చుని చెప్పి, వినేటప్పుడు తమ్ముడి మొహం చూస్తుంది. ఆ ఒక్కటీ తనకు కావాలి. ఇన్ని నెలల్లో నిజంగా ఆశపడ్డ బహుమతి అదొక్కటే.

చిత్రాన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. హెన్రీ.

"ఏమక్కా, ఎంత చూపిస్తాండాది?"

పసుపంటిన చేతి మణికట్టుతో ఫోన్ చెవికి నొక్కుకుని, ఆమె శివలీల వైపు చూడకుండా గోడకు తిరిగింది.

"కాటా పనిజేయల్యా నాయనా. సాయంత్రం వస్తాండా గదా, ఆడనే యాడన్నా చూస్తాంలే."

"పనిజేయల్యానా?"

"ఊ."

"సరేలే. తొందరగా రా," అన్నాడు.

"చెప్పేస్తే ఏమి పోతాది?" అంది శివలీల. "పాపం, కాచుకోనుంటాడు."

"సాయంత్రం దాకానే గదా," అంది ప్రసన్నకుమారి.

ఆ పూట ఏం వండిందో, ఎలా వండిందో ఆమెకే తెలియదు. కోడిగుడ్లు ఒలుస్తూ ఒలుస్తూ మధ్యలో లేచి గడియారం చూసొచ్చింది. సాంబారులో చింతపండు రెండుసార్లు పిసికింది. పిల్లలు మొహాలు వికారంగా పెట్టి తింటుంటే, నవ్వు ఆపుకోలేక స్టోరు గదిలోకి పోయింది. భోజనాలు కాగానే మిగిలిన పని శివలీల మీద వదిలి, సంచీ తీసుకుని బయటపడింది.

బస్సు ఇంకా రాలేదు. ఒకచోట నిలబడలేక, ఎండలో తరువాతి స్టాపు దాకా నడిచింది. దారిలో మిరపకాయ బజ్జీల బండి ఉంది. ఇన్ని నెలలుగా ఆ బండి వస్తోందంటే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేది. ఇవాళ దాని పక్కనుంచే నడిచిపోయి, చాలా దూరం వెళ్ళాక గానీ ఆ సంగతి గమనించలేదు.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. ఎలా చెప్పాలా అని ఆలోచించింది. పోగానే చెప్పాలా, కాళ్ళు కడుక్కుని నిదానంగా చెప్పాలా? కాసేపు దిగులు మొహం పెట్టి ఏడిపించి చెబితే? అది తన వల్ల అయ్యే పని కాదు. తనలో తనే నవ్వుకుంటుంటే పక్కనున్న ముసలమ్మ వింతగా చూసింది. కడప పొలిమేరల్లో ఫోన్ మోగింది. మరదలు దీవెన.

"యాడికొచ్చినావు వదినా?"

"వచ్చేసినా మే, రోంతలో దిగుతా. ఏమి?"

"ఏమీ ల్యా. రా," అంది దీవెన. ఫోన్ పెట్టేసింది.

సందు మొదట్లో ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. హెన్రీతో పాటు స్టాండులో తోలేవాళ్ళవి. ఆమెను చూసి వాళ్ళు మాట్లాడకుండా పక్కకు జరిగి దారిచ్చారు. ఒకతను ఆమె చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. ఇంత మర్యాద వాళ్ళు ఎన్నడూ చేయలేదు. గడప దాటకముందే ఆమెకు అర్థమైంది.

హెన్రీ మంచం మీద ఒక పక్కకు తిరిగి ఉన్నాడు. అన్నం తిని, అక్క వచ్చేలోగా ఒక కునుకు తీస్తానని పడుకున్నాడట. డయాలిసిస్ లేని రోజు గదా అని దీవెన బట్టలు ఉతుక్కుంటోంది. ఉతికి వచ్చి లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. పక్కింటివాళ్ళు డాక్టర్ను పిలుచుకొచ్చారు. గుండె ఆగిందని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ప్రసన్నకుమారి మంచం పక్కన నేల మీద చతికిలబడింది. అతని చెవి దగ్గరకు వంగి, ఇంటినిండా ఉన్న జనానికి వినబడకుండా చెప్పింది.

"దిగినా నాయనా. డెబ్బై దిగినా."

చూడాలనుకున్న మొహం ఎదురుగానే ఉంది. అందులో ఏ మార్పూ రాలేదు. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఈ ఒళ్ళు ఇప్పుడు ఎవరికి, ఇంత తేలికైన ఒళ్ళు పెట్టుకుని తను ఏం చేసుకోవాలి అని ఏడ్చింది.

చాలాసేపటికి దీవెన వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయనకు తెలుసు వదినా."

"ఏమి?"

"నీతో మాట్లాడి ఒకటే నగు. అక్కకు అబద్ధమాడను రాదే, దిగింటాది, ఎదురుగా చెప్పాలని దాస్తాండాది అన్యాడు. అక్క వస్తానే ఇద్దరం చెరొక పెద్ద లోటా నిండా టీ తాగుతాం, ఈ దినం నా కొలత నీళ్ళు దానికే పెట్టు అని, పొద్దున్నించీ చుక్క ముట్టల్యా. అన్నం తిన్యాక కూడా నోరు పుక్కిలించి ఉమ్మేసినాడు."

పొద్దున తను ఒక్క మాట చెప్పుంటే ఆ నీళ్ళన్నా తాగేవాడు.

దీవెన చెయ్యి చాపి కిటికీ వైపు చూపించింది. కిటికీలో సీసా ఉంది. ఒక దినానికి ఎంత తాగొచ్చో తెలిసేలా మెడ కింద ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, నీళ్ళు సరిగ్గా దాని దాకా ఉన్నాయి.