మూత పడిన మధ్యాహ్నం

యాప్‌లు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్‌లో ఆమె మార్చింది ఒక్కటంటే ఒక్క లైను. దానికోసం సోర్స్ కోడ్ మొత్తాన్నీ మళ్ళీ బిల్డ్ చేయాలి, అంటే కంప్యూటర్ ఒక్కో ఫైలునూ మొదటి నుంచి కూర్చుకుంటూ రావాలి. పదకొండు వేల ఫైళ్లు! మూడు రోజులుగా అది ఎక్కడో ఒకచోట మొరాయిస్తూనే ఉంది. ఈ మధ్యాహ్నం మాత్రం తెర మీద పూర్తయిన ఫైళ్ల అంకెలు బుద్ధిగా ఎక్కుతున్నాయి. లాప్‌టాప్ ఫ్యాను హోరు దూరపు వానలా వినిపిస్తుంటే ఆమెకు ఎప్పుడు కునుకు పట్టిందో తెలియలేదు.

కలలో ఫైళ్లన్నీ తెల్లచొక్కాలు తొడుక్కుని, ఒకదాని భుజం ఒకటి పట్టుకుని వంతెన దాటుతున్నాయి. చివరి నాలుగూ నడిమధ్యలో నిలబడిపోయి ఆమె వైపు చూశాయి. వాన ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. లాప్‌టాప్ మూత వేసి ఉంది. పక్కనే అమ్మమ్మ.

"నువ్వే మూశావా? కొంప ముంచావు కదే అమ్మమ్మా!"

"దాని ఒళ్ళు కాలిపోతోందే. నీతోపాటు కాసేపు పడుకుంటుందని మూశాను."

పళ్ళు నూరుతూ మూత తెరిచింది. ఫ్యాను మళ్ళీ అందుకుంది. అంకెలు ఆగిన చోటి నుంచే కదిలాయి. కాసేపటికి, చివరి నాలుగూ వంతెన దాటేశాయి.

"చూశావా," అంది అమ్మమ్మ, "లేపగానే విసుక్కోకుండా పనిలో పడింది. నీకంటే అదే నయం."