లక్ష్మి పేరులో ఇంటూ

కనకలక్ష్మికి ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. క్యాన్సర్ అని చెప్పి డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. తెల్లాపూర్‌లో కొడుకు ఆదర్శ్ ఫ్లాటుకు తిరిగొచ్చి పద్దెనిమిది రోజులైంది. ఏం కావాలన్నా నోట్‌బుక్‌లో రాసి చూపిస్తుంది, మొగుణ్ణి పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. బాపట్లలో వీధి వీధంతా వసపిట్ట అని పిలుచుకున్న మనిషి ఆవిడ. ఈ నిశ్శబ్దానికి భర్త రామబ్రహ్మానికి పిచ్చెక్కిపోతోంది.

ఆ గొంతు ఇక మిగిలింది ఒక్కచోటే, టీవీ కింద మినుకుమినుకుమనే నల్లపెట్టెలో. ఆపరేషన్‌కు ముందు వారం రోజులూ కోడలు వసంత అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ పాటలూ కబుర్లూ ఫోన్లో రికార్డు చేసి అందులో దాచింది. ఆ పెట్టె కొన్ననాడు "ఇన్ని కంప్యూటర్లుండగా మళ్లీ ఈ డబ్బా ఎందుకు?" అని మూతి విరిచింది ఈ పెద్దమనిషే. "ఇది ఇంటికి అటక అసొంటిది మామయ్యా. ఎవరి గదిల నుంచైనా అందులది తీసుకోవచ్చు" అని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఆయన వినలేదు. వినిపించుకోకపోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

ఇవాళ పొద్దున ఆఫీసుకు బయల్దేరుతున్న కోడలి దగ్గరకు వచ్చి, గోడవైపు చూస్తూ, "ఆ అటకలో మీ అత్తగారివేవో ఉన్నాయన్నావు" అన్నాడు. సాయంత్రం వచ్చి తనే కలిపిస్తానంది వసంత. మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ వాడినవాణ్ణి, నాకు తెలుసులెమ్మన్నాడు. ఆమె ఏం నొక్కాలో వరసగా ఒక కాగితం మీద రాసిచ్చి, "యూజర్ నేమ్ అత్తమ్మ పేరే. పాస్‌వర్డ్ కింద రాసిన" అని చెప్పి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మందులు వేసుకుని కనకలక్ష్మి కునుకు తీసింది. ఆయన తన గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాగితం చెప్పినట్టే నెట్‌వర్క్ అన్నచోట నొక్కితే పెట్టె పేరు కనిపించింది. దాన్ని నొక్కితే మీరెవరని అడిగింది. భార్య పేరు కొట్టాడు. తప్పంది. మొదటి అక్షరం పెద్దది చేశాడు. తప్పంది. కనకకూ లక్ష్మికీ మధ్య ఎడం పెట్టాడు. ఈసారి, ఇంకొక్కసారి తప్పితే ఈ రోజుకు ఇక తెరవనని హెచ్చరిక వచ్చింది. ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. రేపటిదాకా ఆగడం తన వల్ల కాదని ఆయనకు అప్పుడే తెలిసింది. పరువు పక్కనబెట్టి కోడలికి ఫోన్ చేశాడు.

"మీ అటక నన్ను ఎక్కనివ్వడం లేదమ్మా."

"ఫికర్ చెయ్యకుండ్రి మామయ్యా. పేరు ఎట్ల కొట్టిన్రు?"

అక్షరం అక్షరం చదివాడు. లక్ష్మి దగ్గరికి వచ్చి "కె, ఎస్, హెచ్" అనగానే వసంత మధ్యలోనే ఆపింది.

"మామయ్యా, కోపం జేస్తరేమో."

"చెప్పమ్మా."

"కె ఎస్ హెచ్ కాదు. ఎక్స్."

ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట పెళ్లికార్డులో వసంత తండ్రి ఓదెలు కనకలక్ష్మి పేరును ఎక్స్‌తో అచ్చు వేయించాడు. పెద్దపల్లి వైపు లక్ష్ములందరూ అలాగే రాసుకుంటారు. రామబ్రహ్మం మాత్రం, "ముప్పై నాలుగేళ్లు దరఖాస్తుల మీద ఇంటూ గుర్తు పెట్టి తిప్పి పంపినవాణ్ణి. నా పెళ్లాం పేరులో ఇంటూ పెడతారా?" అని పట్టుబట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఓదెలు మారుమాట్లాడకుండా కార్డులన్నీ మళ్లీ అచ్చు వేయించాడు.

"మా అమ్మ పేరు గూడ లక్ష్మే గద. ఎక్స్‌తోటే రాసుకుంట పెరిగిన. దవాఖానకు పోయే పరేషాన్ల నా చెయ్యి గట్లనే పోయింది" అంది వసంత. "మారుద్దామంటే భయమైంది, రికార్డులు పోతయేమో అని. సాయంత్రం వచ్చి ఎట్లనన్న సరిజేస్త."

తన తల్లి పేరు రాసినట్టే అత్తగారి పేరు రాసిన పిల్ల, ఆ చిన్న తప్పు చెప్పడానికి ఇంత భయపడుతోంది. రామబ్రహ్మానికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఏం సరిచేయకు తల్లీ. బాగానే ఉంది. మీ నాన్నగారికి కూడా ఎక్స్ బాగానే ఉందన్నానని చెప్పు" అన్నాడు.

ఎక్స్ కొట్టాడు. పెట్టె తెరుచుకుంది.

లోపల నలభై పైచిలుకు రికార్డులున్నాయి, వసంత తెలుగులోనే పేర్లు పెట్టింది. మేలుకొలుపు పాట. గోంగూర నిలవపచ్చడి. ఆదర్శ్ చిన్నప్పటి ముచ్చట. వాటి అడుగున "మామయ్య పేరు" అని ఒకటి. ఆయన నివ్వెరపోయాడు. కనకలక్ష్మి ఆయన పేరు పలికింది ఒక్కసారే, పెళ్లినాడు గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి చెప్పించినప్పుడు. అదీ సన్నాయిల మోతలో ఆయన చెవిన పడలేదు. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్లూ "ఏవండీ" అనే పిలిచింది.

నొక్కాడు.

"ఇప్పుడు ఇంట్ల ఎవ్వరు లేరు అత్తమ్మా. ఒక్కసారి" అంటోంది వసంత.

"ఊరుకోవే. మొగుడి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందట." కాసేపు ఫ్యాను చప్పుడు. బొంగురుగా చిన్న నవ్వు. "పోనీలే, ఎల్లుండి నుంచి పిలుద్దామన్నా పిలవలేను." గొంతు సవరించుకుంది. "రామబ్రహ్మం గారూ, ఒకసారి ఇలా రండి."

"ఆ, వస్తున్నా" అంటూ ఆయన లేచి, గబగబా పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

కనకలక్ష్మి మంచం మీద లేచి కూర్చుని ఉంది. అంతా వినబడినట్టుంది, సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పిలిచావా?" అని అడిగాడు.

ఆవిడ తల ఊపింది.