గది మాకే ఇచ్చారు

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. అమ్మమ్మ, అమ్మ, పిన్ని, నేను. నాన్న లేరు. కొత్తగా కట్టిన ఏదో ఆఫీసు గోడలకు రంగు వేయడానికి బ్రష్షులు బకెట్లో పెట్టుకుని పొద్దున్నే వెళ్లిపోయారు. అమ్మకి ఆసుపత్రి లాండ్రీలో ఆ వారం సెలవు ఆ రోజే కాబట్టి ఇంట్లో ఉంది. ఎవరెవరున్నారో ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, జరిగిన పొరపాటులో మా నలుగురికీ తలా కాస్త వాటా ఉంది. నాన్నకు లేదు. ఆ మాట ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు.

పొరపాటు నా డైరీతో మొదలైంది.

ఊరి బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్పిన మాస్టారు మా అందరినీ డైరీ రాయమన్నారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. జరిగింది రాయాలి, జరగనిది రాయకూడదు. మిగతా పిల్లలు నెల తిరక్కుండానే మానేశారు. నాకు మాట్లాడటం కంటే రాయడం తేలిక, అందుకని నేను మానలేదు. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే వంటగదిలోకి ముడుచుకుపోతానని పిన్ని నాకు నత్త అని పేరు పెట్టింది. ఆ పేరే ఉండిపోయింది.

మా ఇంట్లో నా డైరీ రహస్యమేమీ కాదు. టీవీ పక్కన అరలో ఉంటుంది. గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చాం, కుళాయి బాగు చేయిస్తానని ఇంటాయన ఏ రోజు మాటిచ్చాడు, అమ్మమ్మ కళ్లజోడు పోయి ఎక్కడ దొరికింది, అన్నీ అందులోనే చూసుకుంటారు. అమ్మకీ నాన్నకీ ఏదైనా పేచీ వస్తే ఇద్దరూ కలిసి డైరీ తీస్తారు. అందులో ఏముంటే అదే తీర్పు. నత్త పుస్తకం అబద్ధం చెప్పదని అమ్మమ్మ అందరికీ చెబుతుంది.

అలాంటి పుస్తకంలో పద్దెనిమిది రోజులుగా రోజూ జరగని మాటలు రాస్తున్నాను.

రాయించింది పిన్ని. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టు మిషను పెట్టుకుని కొత్త బట్టలు కుడుతుంది, పాతవి సరిచేస్తుంది. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఎవరు అడిగినా రేపు ఇస్తానంటుంది. నెల కిందట ఇచ్చినవాళ్లకీ రేపే, నిన్న ఇచ్చినవాళ్లకీ రేపే. ఎవరికీ కాదని చెప్పలేదు. ఇరుగుపొరుగు వాళ్లు ఊరికే వేయించుకునే జిప్పులతో, గుండీలతో సగం రోజు గడిచిపోతుంది. డబ్బిచ్చేవాళ్ల గుడ్డలు మంచం మీద గుట్ట అవుతాయి. అమ్మమ్మ ఆ గుట్ట పక్కనే కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది.

వీధి చివర మందుల షాపు పక్కన ఒక గది ఖాళీగా ఉంది. అది కండక్టరమ్మగారిది. ఆవిడ ముప్ఫై ఏళ్లు బస్సులో టికెట్లు ఇచ్చి రిటైరయ్యారు. గది వెనకాలే ఆవిడ ఇల్లు. ఆ గది దగ్గరకు వచ్చేసరికి పిన్ని నడక నెమ్మదిస్తుంది. అక్కడ మిషను పెట్టుకుని, బోర్డు కట్టుకుని కూర్చోవాలని తనకి ఎంత కోరికో ఇంట్లో అందరికీ తెలుసు. వెళ్లి అడగడానికి మాత్రం నోరు రాదు. నాకు నత్త అని పేరు పెట్టింది గానీ తనూ తక్కువేమీ కాదు.

ఇలా ఉండగా బట్టలు కుట్టించుకునే ఒకావిడ పిన్నికి ఒక టికెట్టు ఇచ్చింది. డబ్బును మన వైపు ఎలా రప్పించుకోవాలో చెప్పే సభ. పిన్ని వెళ్లి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. మనకి కావలసింది వచ్చేసిందన్నట్టుగానే రాయాలట, ఇరవై ఒక్క రోజులు, రోజూ. రాసి, వచ్చేసినవాళ్లలాగే బతకాలట. అమ్మమ్మ ఆ రోజంతా నవ్వింది. రాస్తే వచ్చేట్టయితే ఆ సభ పెట్టిన పెద్దమనిషి ఇంట్లో కూర్చుని రాసుకోక, టికెట్లు అచ్చు వేయించుకుని ఊళ్లు తిరగడమెందుకని అడిగింది. పిన్ని వినిపించుకోనట్టు మిషను తొక్కింది. కానీ ఆ సాయంత్రం అమ్మమ్మ లేనప్పుడు నా పక్కన వచ్చి కూర్చుంది.

"నా చేతిలో కత్తెర తిరుగుతుంది గానీ కలం తిరగదు. నువ్వు రాయవే నత్తా. నీ పుస్తకంలో రాస్తే నాకే నమ్మకంగా ఉంటుంది."

మాస్టారి నియమం గుర్తొచ్చింది. పిన్ని మొహం చూశాను. రాశాను.

ఇరవై ఒకటో రోజున వెళ్లి గది అడుగుతానని పిన్ని నాకు మాటిచ్చింది. పద్దెనిమిదో రోజున అమ్మకి సిలిండర్ మీద అనుమానం వచ్చింది. ఎప్పుడు మార్చామో చూడమని అమ్మమ్మతో చెప్పింది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని డైరీ తీసింది. సిలిండర్ దొరకలేదు, గది దొరికింది. కండక్టరమ్మగారి గది మాకే ఇచ్చారు, తాళం పిన్ని చేతిలో ఉంది అని నా అక్షరాల్లో ఉంది. అమ్మమ్మకి మొదట సంతోషం, తర్వాత చిన్నకూతురు తనకి చెప్పలేదని అలక. మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడక్కుండా మోకాళ్ల మందు తెచ్చుకుంటానని మందుల షాపుకి వెళ్లి, అక్కడున్న అందరికీ చెప్పేసింది.

అక్కడున్నవాళ్లలో ఫోన్లు బాగుచేసే అతను ఒకడు. ఆ గది కోసం వారం రోజులుగా కండక్టరమ్మగారితో బేరమాడుతున్నవాడు. గది వెళ్లిపోయిందనుకుని అటు నుంచి అటే వెళ్లి వేరే చోటికి అడ్వాన్సు ఇచ్చేశాడు.

మాకు ఇదేమీ తెలియదు. మధ్యాహ్నం ఒకావిడ పరదాలు పట్టుకుని వచ్చి, ఇవి ఇక్కడ ఇవ్వాలా కొత్త షాపులో ఇవ్వాలా అని పిన్నిని అడిగింది. పిన్ని చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. ఆవిడ వెనకాలే మందుల షాపాయన వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, తనని అనొద్దని ముందే చెప్పి, ఫోన్లతను వేరే చోటు చూసుకున్న సంగతీ, కండక్టరమ్మగారు అన్న మాటా అప్పజెప్పాడు. గదిని కావాలంటే ఖాళీగా ఉంచుకుంటానుగానీ, తనని అడగకుండానే తన తాళం పంచుకున్నవాళ్లకి మాత్రం ఇవ్వనని అన్నారట.

అమ్మమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరూ ఏమీ అనకముందే, నన్నేమీ అనకండి అని రెండుసార్లు అంది. అమ్మ వెళ్లి సర్దిచెబుతానని చెప్పులేసుకుంది. పిన్ని వద్దంది. పరదాలావిడకి తారీఖు వేసిన చీటీ ఇచ్చి పంపించి, సగం కత్తిరించిన గుడ్డను మడిచి, మిషను మీద కవరు లాగింది.

"రాస్తే వస్తుందన్నాడు సభలో ఆయన, నత్తా. రాస్తే పోయింది," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నేను డైరీ తీసుకుని బయటికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ తోడొస్తానంటుంది, అమ్మ వస్తే నేను అమ్మ వెనక నిలబడతాను.

కండక్టరమ్మగారి ఇల్లు చేరేదాకా ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూ నడిచాను. తలుపు కొట్టగానే అంతా ఎగిరిపోయింది. తలుపు తీసి ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఎవరు? ఎక్కడిదాకా?" అన్నారు. బస్సు అలవాటు ఇంకా పోలేదు.

డైరీ ఆవిడకి అందించాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, నేను వేలు పెట్టి ఉంచిన పేజీ చదివారు.

"తాళం చేతిలో ఉందని రాశావు. ఏ రోజు వచ్చింది?"

"రాలేదండీ."

"టికెట్టు కొనకుండానే ఊళ్లో దిగిపోయారన్నమాట. ఎందుకు రాశావు?"

"పిన్నికి కావాలనండీ," అన్నాను. అది జవాబు కాదని నాకే తెలుసు. ఆవిడ పుస్తకం తిరిగి ఇవ్వబోయారు. అప్పుడు ఎలా వచ్చిందో తెలియదు, మిగతావి నిజమేనండీ అనే మాట నా నోట్లోంచి వచ్చింది.

మిగతావంటే ఏవని అడిగారు. డైరీకి గుచ్చి ఉన్న పెన్సిలు తీసి, మెట్టు మీద కూర్చుని, మొదటి రోజు నుంచి జరగని మాటల కింద గీత గీసుకుంటూ వచ్చాను. గది మాకే ఇచ్చారన్నదాని కింద గీత. తాళం కింద గీత. పద్దెనిమిది పేజీల్లోనూ జరగనివి ఆ రెండు మాటలే. పని తొందరగానే అయిపోయింది. ఆవిడ నా పక్కనే మెట్టు మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గీత లేనివి చదవడం మొదలుపెట్టారు.

మొదటి రోజు గీత లేనివి రెండే వాక్యాలు. అమ్మకి జలుబు చేసింది, పిన్ని మిషనుకి నూనె వేసింది. నాలుగో రోజుకి అర పేజీ అయ్యాయి. షాపు ఉన్నవాళ్లు రేపు అనకూడదని పిన్ని అందరికీ తారీఖు వేసిన చీటీలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరో రోజున గుట్ట తరిగి అమ్మమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది. తొమ్మిదో రోజున పక్కింటావిడ జిప్పు ఊరికే వేయమంటే పిన్ని ధర చెప్పింది. ఆవిడ మారుమాట లేకుండా ఇచ్చింది. ఆవిడ వెళ్లాక పిన్ని రెండు గ్లాసుల నీళ్లు తాగింది. పదకొండో రోజున బోర్డుకి ఏ రంగు బాగుంటుందని నాన్నని అడిగింది. నాన్న నవ్వకుండా జవాబు చెప్పారు. తర్వాత్తర్వాత పేజీ చాలక పక్కన మార్జిన్లో రాశాను.

ఆవిడ ఒక చోట ఆగారు. అది పధ్నాలుగో రోజు. అక్కడ ఆవిడ గురించి ఉందని అప్పుడు గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. ఆవిడ పైకే చదివారు.

"కండక్టరమ్మగారు కోటు లైనింగు మార్చమని ఇచ్చి వెళ్లారు కదా, ఈ రోజు తీసుకోవడానికి వచ్చారు. చీటీలో రేపటి తారీఖు ఉన్నా కోటు ఈ రోజుకే సిద్ధంగా ఉంది. ఆవిడ కుట్టు లోపల కూడా తిప్పి చూశారు. కోటు మడిచి సంచిలో పెట్టుకున్నారు. పిన్ని గది సంగతి అడుగుదామని నోరు తెరిచి, గుండీలు కూడా గట్టిగా కుట్టానండీ అంది."

చదివి, ఆఖరి వాక్యం మీద వేలు పెట్టారు.

"ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల గుండీల కోసం ఇంత గాలి పీల్చుకోలేదని. అడిగితే నేను కొరుకుతానా?"

మాకు అలాగే అనిపిస్తుందండీ అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆవిడ నవ్వారో దగ్గారో తెలియలేదు.

"మీ అమ్మమ్మ చేసిన పనికి నా అద్దెమనిషి పోయాడు. అది తెలుసా?"

తెలుసన్నాను. అమ్మమ్మది తప్పు కాదని, నా పుస్తకం అబద్ధం చెప్పదని తను నమ్మిందని, ఆ అబద్ధం రాసింది నేనేనని చెప్పాను. మధ్యలో రెండుసార్లు తడబడి మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆవిడ తొందరపెట్టలేదు. చిల్లర వెతుక్కునే ముసలివాళ్ల దగ్గర అలాగే ఆగేవారేమో అనిపించింది. పిన్ని ఇంకా మూడు రోజుల్లో తనే వచ్చి అడగాలనుకుందని, ఇప్పుడు మిషను మీద కవరు కప్పేసిందని చెప్పాను. డైరీ ఆవిడ ఒళ్లోనే వదిలేసి లేచి నిలబడ్డాను.

ఆవిడ డైరీ నా చేతికిచ్చి లోపలికి వెళ్లి, తాళంచెవి పట్టుకుని వచ్చారు. పక్కగా నడిచి గది తలుపు తెరిచారు. నన్ను ముందుకు జరగమన్నారు. లోపల పాత సిమెంటు వాసన. గచ్చు ఒక మూల కాస్త పగిలింది. వెనక గోడకి, చేతికందనంత ఎత్తులో, అద్దం బిగించిన చిన్న కిటికీ. నేను గుమ్మం లోపల రెండడుగులు వేసి ఆగిపోయాను.

"నేనింకా ఇస్తానని అనలేదు," అన్నారు ఆవిడ వెనక నుంచి.

"రాయనండీ."

"రాయి. ఇస్తానని అనలేదని రాయి. మీ పిన్నిని వచ్చి నోరు తెరిచి అడగమన్నానని కూడా రాయి." ఆవిడ తలుపు రెక్క మీద చెయ్యి వేశారు. "వాన రోజుల్లో ఈ తలుపు మూసుకునే కుట్టుకోవాలి. అప్పుడు సూదిలో దారం ఎక్కించేంత వెలుగు ఉంటుందో లేదో నాకు తెలియదు. నేను ఎప్పుడూ కుట్టలేదు. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఉండి, సరిగ్గా చూసి, వెళ్లి తనకి చెప్పు."

అని, నేను లోపల ఉండగానే బయటి నుంచి తలుపు మూసేశారు.