ఓనరు బావ

జగన్నాధం నూనె డబ్బా ముక్కును మగ్గం ఇరుసు సందులోకి దూర్చి, తల వంచి, ఒక్కొక్క చుక్కే వదిలాడు. చేత్తో చక్రం తిప్పితే కిమ్మనకుండా తిరిగింది. పక్క మగ్గానికి జరిగాడు. బొబ్బిలి శివార్లలోని ఆ జూట్ మిల్లు మూతబడి రెండేళ్లయింది. కరెంటు లేదు, జీతం లేదు, రమ్మన్నవాడు లేడు. అయినా ఆయన షిఫ్టు వేళకి ఠంచనుగా వస్తూనే ఉన్నాడు. పొట్టి మనిషి. నార ధూళికి ఎప్పుడో నెరిసిన కనుబొమలు, ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ పోని నలుపు, నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు కూసే రొమ్ము.

ఎందుకొస్తాడంటే, ఆయన ఓనరు! నవ్వకండి. మిల్లు నడిచిన రోజుల్లో ఒక ఏడు బోనసుకు బదులు కార్మికులందరి చేతుల్లో కంపెనీ షేర్లు పెట్టారు. మిగతావాళ్లు వాటిని వారం తిరక్కుండా బజారు షావుకారుకు వచ్చినకాడికి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. జగన్నాధం మాత్రం తన కాగితానికి శుభలేఖకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి, సింహాద్రి అప్పన్న పటం వెనక దాచాడు. ఆ రోజు నుంచి ఎవడైనా మగ్గాన్ని కాలితో తంతే ఆయనకు ఒళ్లు మండేది. సమ్మెకూ వెళ్లలేదు. "నా మిల్లు మీద నానే సమ్మె సేస్తానేటి?" అన్నాడు. అప్పటినుంచి అందరికీ ఓనరు బావ అయిపోయాడు.

మిల్లు మూశాక తోటివాళ్లు విశాఖపట్నం అపార్టుమెంట్లకు వాచ్‌మన్లుగా పోయారు. ఈయనకూ కబురొచ్చింది. పోతేనా! భార్య దేముడమ్మే చేలల్లో కలుపుకు పోయి ఇల్లు నెట్టుకొస్తోంది. ఈ ఉదయం చోడి అంబలి అందిస్తూ ఆమె సణిగింది: "ఆ ఇనప ముక్కలకి రాసిన నూనె నీ రొమ్ముకి రాసుకున్నా దగ్గు తగ్గును గదయ్యా!"

"తుప్పట్టిపోతే, మళ్లీ తెరిసినప్పుడు ఏటి తిప్పుతారే? సూడు, తెరుస్తారు."

పిచ్చిమారాజు! నిజంగానే నమ్మాడు.

మధ్యాహ్నం గేటు తెరుచుకుంది. మిల్లు వాచ్‌మన్ గంగరాజు వెంట ప్యాంటు షర్టు వేసుకున్న ఒకాయన, పానాలు పట్టుకున్న కూలీలు, వెనక లారీ. ప్యాంటు ఆయన ఒక మగ్గం చక్రం తిప్పి నోరెళ్లబెట్టాడు.

"మూసిన మిల్లంటే తుక్కే అనుకున్నాం. ఇవి కొత్తవాటిలా ఉన్నాయే! ఇంకెక్కడా చూడక్కర్లేదు, ఇవే తీసుకుంటాం."

జగన్నాధం ముఖం వెలిగిపోయింది. "నానే సూసుకున్నాను బాబూ. ఓనర్లలో నానొకణ్ణి. ఎప్పుడు తెరుస్తన్నారు?"

గంగరాజు తల దించుకున్నాడు. "తెరవడం కాదు బావా. బేంకోళ్లు అమ్మేస్తన్నారు. మగ్గాలు బెంగాలు ఎల్తాయట. జాగాలో ప్లాట్లు ఏస్తారట."

"నన్నడగకండానా?"

"బ్యాంకు బాకీ తీరాక మిగిలితేనండీ షేర్లవాళ్లకి," అన్నాడు ప్యాంటు ఆయన, మెత్తగానే. "మిగలదు."

తను ఇన్నాళ్లూ చేసిందేమిటో జగన్నాధానికి అప్పుడు అర్థమైంది. తుప్పుపట్టి ఉంటే ఈ మగ్గాల మొహం చూసేవాడుండడు, ఇవి ఇంకొన్నాళ్లు ఇక్కడే పడి ఉండేవి. నూనె రాసి, తుడిచి, ముస్తాబు చేసి తన చేతులతో తనే సాగనంపుతున్నాడు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

ఇంతలో కూలీ ఒకడు నట్టుకు పానా తగిలించి సుత్తితో ఠంగుమని కొట్టాడు.

"ఒరే, ఆగరా! మరలు ఇరిగిపోతాయి. ఇలాగియ్యి!"

పానా లాక్కుని తనే గొంతుక్కూర్చున్నాడు. నట్టు మీద కాస్త నూనె వేసి, నాననిచ్చి, మెల్లగా తిప్పాడు. ఊడినదాన్ని చొక్కా కొసతో తుడిచి పక్కన పెట్టి, ఇంకోదానికి జరిగాడు. అది చూడలేక గంగరాజు టీ తెస్తానని బయటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి జగన్నాధం మగ్గం కాలికి ఆనుకుని, తల పక్కకు వాల్చి ఉన్నాడు. "ఓనరు బావా, టీ." పలకలేదు. మళ్లీ పిలిచి, గ్లాసు కింద పెట్టి భుజం పట్టుకున్నాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. మనిషి లేడు.

దేముడమ్మ బురద కాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది. గుండెలు బాదుకుని ఏడ్చింది. జరిగింది గంగరాజు చెప్పాడు. ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే ఒక్కసారి ఆగి, గంగరాజును అడిగింది: "ఇయ్యాల ఇప్పిన నట్లకి కూలైనా ఇత్తారేటి, తమ్ముడా?"

గంగరాజు వంగి, బావ కాళ్లు ఎత్తి ఆటోలోకి సర్దాడు.

కూలీలు ఆ పూటకు పని ఆపేశారు. మగ్గం కింద, సగం తిరిగిన చివరి నట్టును పట్టుకుని, పానా అలాగే ఉండిపోయింది.