ఆకుపచ్చ నాలుగు పట్టు విడవలేదు

ఇలా దగ్గరికి జరగండి తల్లీ, నాయనా. నా గొంతు సన్నం. తీగ మీద గోరు గీసినంత చప్పుడే, చెవి ఆనిస్తే తప్ప వినబడదు. నేను ఒక పుల్కా జాలీని. పొయ్యి మీద పెట్టి పుల్కా పొంగిస్తారే, పిడి ఉన్న గుండ్రటి తీగల అల్లిక, అదే. చదువు లేనిదాన్ని. కానీ నన్ను పట్టుకున్న చేతుల్నీ కాళ్లనీ ఒక్కదాన్నీ మరచిపోలేదు. మరచిపోదామన్నా అవి నన్ను వదలవు. ఆ సంగతే చెబుతాను.

పుట్టింది హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో. నన్ను అల్లినవాడు పిడి అతికించి, వంకర చూసి, "నడుస్తది తియ్" అని కుప్పలోకి విసిరాడు. ఆ వంకర ఇప్పటికీ ఉంది. సోమవారం సంతలో నర్సవ్వ నన్ను కొనుక్కుంది. భర్తకు షుగరని అన్నం మాన్పించి, ఆరేళ్లు నా మీద పుల్కాలు కాల్చింది. ఆయన పోయాక తినేవాళ్లు లేరు. నన్ను సంచిలో వేసుకుని తను పనిచేసే చోటికి తీసుకొచ్చింది.

అది మందులు పరీక్షించే సంస్థ. వెనుక గదిలో తెల్ల చిట్టెలుకలుండేవి. నర్సవ్వ వాటికి మేత వేసేది, గూళ్లు కడిగేది. అక్కడే నిరీక్షణ అనే బాపట్ల వైపు పిల్ల పరిశోధన చేసేది. ఎలుకల కాళ్ల పట్టు కొలవడానికి తీగల చట్రం కావాలని ఆమె కాగితం పెడితే, అది మూడు బల్లల మీద ఏడు నెలలు నిద్రపోయింది. ఎలుక కాలు ఎన్నాళ్లకు కోలుకుంటుందో మనుషులు చెప్పగలరు గానీ, కాగితం ఎన్నాళ్లకు కదులుతుందో చెప్పలేరు.

"గిది జూడు బిడ్డా, పనికొస్తదా?" అని నర్సవ్వ నన్ను చూపించింది.

"అవ్వా, అచ్చం ఇదే!" అని ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

నిరీక్షణ తండ్రి యోహాను మిల్లులో హమాలీ. ఒకరోజు ధాన్యం బస్తాలు జారి ఆయన కుడికాలు రెండు గంటలు వాటి కింద నలిగింది. బస్తాలు తీశారు, రక్తం తిరిగొచ్చింది, ఎముక కూడా బాగానే ఉంది. కాలు మాత్రం ఈడ్చుకునే నడిచేవాడు. రక్తం వచ్చినా కండకు సత్తువ ఎందుకు రాలేదు? ఆ పిల్లకు అదొక్కటే ప్రశ్న. పస్తున్నవాడికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది చూడండి, కండా అంతేనట. రక్తం ఆగినప్పటికన్నా, పరుగున తిరిగొచ్చినప్పుడే ఎక్కువ చెడుతుందట.

అందుకని పన్నెండు ఎలుకలను మత్తులో పడుకోబెట్టి, ఒక్కొక్కదాని వెనక కాలికి రెండు గంటలు రబ్బరు పట్టీ బిగించి తీసింది. ఆరింటికి పసుపు చీటీ, కొత్త మందు. ఆరింటికి ఆకుపచ్చ చీటీ, ఉత్త ఉప్పునీళ్లు. వారానికొకసారి వాటిని నా మీద పెట్టి నన్ను మెల్లగా తలకిందులు చేసేది. కింద దూది నిండిన తొట్టి. గడియారం నొక్కేది. అవి నా తీగలు పట్టుకుని వేలాడేవి. ఎంత చిన్న కాళ్లనుకున్నారు! మెంతిగింజంత గోరు కూడా లేదు. మూడు కాళ్లు గట్టిగా, నాలుగోది ఊరికే తగిలి ఉండేది. పది లెక్కపెట్టేలోగా రాలిపోయేవి.

నాలుగో వారం ఒక్కటీ రాలలేదు. పసుపూ వేలాడింది, ఆకుపచ్చా వేలాడింది. ఆకుపచ్చ నాలుగో నంబరుదైతే గడియారం ఆపేసినా నా మూడో తీగ పట్టు వదలలేదు. వేలు వేలుగా ఊడదీయాల్సి వచ్చింది. నిరీక్షణ ముఖం పాలిపోయింది. ఉప్పునీళ్లకే ఇంత బలమొస్తే మందు దేనికి?

మర్నాడు పన్నెండింటినీ మత్తులోనే చంపి పరీక్షకు కండ తీశారు. గూళ్లు తెచ్చి అప్పగించింది నర్సవ్వే. ఆ మధ్యాహ్నం మూడింటికి, ఖాళీ బల్ల మీద, నా అంచు నుంచి అదే మూడో తీగ కిందికి గుంజుకుంది. నా మీద ఏమీ లేదు. నాలుగు చిన్న కాళ్ల బరువు మాత్రం ఉంది.

నర్సవ్వ అది చూసింది. చీపురు కింద పెట్టి, నిరీక్షణ వైపు తిరిగి ఏడ్చింది.

"తప్పు జేసిన బిడ్డా. రోజూ మూడింటికి, మందు లేని పిల్లలని, ఆకుపచ్చయాటి కాళ్లు నువ్వుల నూనెతోని పిసికిన. దీని మీద నడిపిచ్చిన. మాయమ్మ పసిపోరగాండ్లకు గట్లనే జేస్తుండె."

"అవ్వా! మూడేళ్ల పని!" అంది ఆ పిల్ల.

ఇప్పుడు దారులు రెండే. నోరు మూసుకుంటే మందు పనికిరానిదని తేలి చెత్తబుట్టలో పడుతుంది, ఆ చేతి మర్దన మాట ఎవరికీ తెలియదు. నిజం రాస్తే ముసలిదాని ఉద్యోగం పోతుంది. నిరీక్షణ కలం పట్టుకుని నా వంక చూసింది. మూడో తీగ ఇంకా వణుకుతోంది. చివరికి రిజిస్టరులో ఇలా రాసింది: "ఆకుపచ్చ గుంపుకు రోజూ మర్దన జరిగింది. కాపలా లోపం నాదే. ఈ ఫలితం చెల్లదు. మళ్లీ చేయాలి, ఈసారి మర్దనకు వేరే చీటీతో."

"నువ్వే పిసకాలి అవ్వా, నీ చెయ్యే కావాలి" అంది.

"నా చేత్తోని నిమిరి, మల్ల నా చేత్తోనే అప్పజెప్పుమంటవా? నాతోని గాదు బిడ్డా. నేర్పిస్త, నువ్వే జెయ్."

నేర్చుకుంది. కొత్తగా తెచ్చిన ఎలుకల్లో ఆరింటి కాళ్లు నాలుగు వారాలు తనే పిసికింది, చివరి రోజు తనే మత్తు పెట్టింది. మందుకు కొంత గుణం, చేతికి కొంత గుణం ఉన్నాయని తేలింది. ఆ వారమే, నిద్రలేచిన కాగితం వెంట పట్టు కొలిచే కొత్త యంత్రం వచ్చింది. నన్ను పారేయమన్నారు. నిరీక్షణ నన్ను సోడాలో ఉడికించి ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు యోహాను కూతురి దగ్గరే ఉంటున్నాడు. రోజూ మూడింటికి ఆమె ఆయన కాలికి నూనె రాసి, నన్ను రెండు ఇటుకల మీద పెట్టి, కాలివేళ్లతో నా తీగ పట్టుకోమంటుంది. మొదట్లో వేళ్లు కదిలేవే కావు. మొన్న మొదటిసారి వంగాయి. తీగను పట్టాయి.

"అమ్మాయ్, కింద నించి ఏదో పట్టుకుంటందే."

"తీగేలే నాన్నా."

"తీగ పట్టుకుంటదా ఎక్కడన్నా! చిన్నయ్యి. నాలుగు."

నిరీక్షణ వంగి నా అడుగున చూడలేదు. నవ్వనూ లేదు. గడియారం తీసి నొక్కింది. తండ్రి అలసి కాలు తీసేశాడు, లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఆమె మాత్రం గడియారం ఆపలేదు. అది ఇంకా నడుస్తూనే ఉంది నాయనా, వినండి.

ఇక మీరు వెళ్లండి. నాకు దండాలూ దస్కాలూ వద్దు. ఎప్పుడైనా ఎవరి కాలైనా లేచి నడిచిందని విన్నప్పుడు, మందు పేరు చెప్పండి, చేసినవాళ్ల పేరు చెప్పండి. ఆ పక్కనే, ఆకుపచ్చ నాలుగు అని కూడా ఒక్క మాట అనండి. ఎవరో ఒకరు అంటూ ఉంటే, ఎప్పటికైనా అది పట్టు వదులుతుందేమో.