తాళం పడ్డ బొమ్మల పుస్తకాలు

రెండో తరగతి టీచరుకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి పిల్లలకు తెలుసు. హెడ్మాస్టరుకు తెలియదు. అందుకే ఆమె ఆయన బల్ల ముందు నిలబడి, "నా పుస్తకాలు నాకిచ్చెయ్యండి సార్," అని మెల్లగా అడిగినప్పుడు ఆయన ఫైల్లోంచి తల కూడా ఎత్తలేదు.

"తాళంచెవి ఎక్కడో పడిపోయిందమ్మా. దొరికితే చూద్దాం."

ఆ మాట వినడం ఆమెకది నాలుగోసారి.

పుస్తకాలంటే కామిక్సు. ముప్పై దాకా ఉంటాయి. కొన్ని ఆమె అన్నయ్య చిన్నప్పుడు దాచుకున్నవి. అట్టలు ఊడిపోతే తనే కుట్టింది. కొన్ని ఆమె స్వయంగా గీసినవి. ఆమె తరగతిలో తొమ్మిదిమందికి చదవడం రాదు. రాదని చాలాకాలం ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే పాఠం అడిగితే గడగడా అప్పజెప్పేవాళ్లు. ఒకరోజు, అందరూ గవ్వ అని పిలిచే ఏడేళ్ల పిల్ల, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని ఒక్క తప్పు లేకుండా పాఠమంతా చదివేసింది. టీచరుకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. రెండేళ్లుగా ఈ పిల్ల గొంతు విన్నారే తప్ప, చేతిలో పుస్తకం ఎటు తిరిగి ఉందో ఒక్కరూ చూడలేదు.

మర్నాడే కామిక్సు తెచ్చింది. మొదటి పుస్తకంలో ఏనుగు చెట్టెక్కబోయి పడుతుంది. పక్కన పెద్ద అక్షరాలతో 'దబ్' అని ఉంటుంది. గవ్వ బొమ్మ చూసింది, అక్షరాలు చూసింది, మళ్లీ బొమ్మ చూసింది. "దబ్," అంది. ఎవరూ చెప్పకుండా ఆ పిల్ల చదివిన మొట్టమొదటి మాట అది. ఇక ఆత్రం పట్టుకుంది. పడ్డ ఏనుగును చూసి చీమ ఎందుకు నవ్వుతోందో తెలియాలి, దాని నోటి దగ్గరున్న బుడగలో ఏం రాసుందో తెలియాలి. పాఠ్యపుస్తకంలో పేరా చూస్తే ఆ పిల్లకు కళ్లు బైర్లు కమ్మేవి. బుడగలో ఉన్నవి మూడే మాటలు. మూడు మాటలకు ఎవరు భయపడతారు? నెల తిరిగేసరికి ఒకరు ఏనుగు, ఒకరు చీమ అయి, వంతులేసుకుని చదవడం మొదలుపెట్టారు. వంతుల కోసం కొట్టుకునేవాళ్లు కూడా. తరగతి గోలగోలగా ఉండేది.

ఆ గోల విని హెడ్మాస్టరు వచ్చాడు. "ఇది బడా, సర్కసా?" అన్నాడు. పుస్తకాలన్నీ తన గదిలోని ఇనప బీరువాలో పెట్టించి తాళం వేయించాడు.

అంతటితో ఊరుకోలేదు. తల్లిదండ్రుల మీటింగులో ఈ సర్కసు సంగతీ, బీరువా సంగతీ చెప్పి, గవ్వ తండ్రిని లేపి మాట్లాడమన్నాడు. ఆయన వెల్డింగు షాపు నడుపుతాడు. చేతులు కట్టుకుని నిలబడి, "బొమ్మలు చూడ్డానికి కాదండి మా పిల్లని పంపేది. ఇంట్లో అలాంటి పుస్తకం ఒకటి కనబడితే చింపి పారేశాను," అన్నాడు. హెడ్మాస్టరు టీచరు వైపు తిరిగి చిన్నగా నవ్వాడు.

టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీటింగు అయిన సాయంత్రమే తిన్నగా వెల్డింగు షాపుకు వెళ్లింది. బడి అయ్యాక గవ్వ కూర్చునేది అక్కడే. ఒక మూల డబ్బా మీద కాళ్లూపుకుంటూ ఉన్నది కాస్తా టీచర్ని చూసి లేచి నిలబడింది.

"మీరు చింపిన పుస్తకం నేను మూడు రోజులు కూర్చుని గీసింది," అంది టీచరు.

ఆయన ముఖానికున్న నల్లద్దం పైకెత్తాడు. "కూర్చోండి టీచరమ్మా."

"కూర్చోడానికి రాలేదు. ఇదేంటి?" గోడకు అంటించిన కాగితం చూపించింది.

"గేటండి. ఇలా చెయ్యాలని గీసిచ్చారు."

"బొమ్మే కదా. మరి దీన్నెందుకు చింపలేదు?"

ఆయన చేతి తొడుగులు ఒక్కొక్కటే తీశాడు.

"నాకు చదువు రాదండి. అంకెలు తెలుసు, బొమ్మ తెలుసు. వాటితోనే బతుకుతున్నా. అందుకే అది కూడా బొమ్మలు పట్టుకుని కూర్చుంటే భయమేసింది. పెద్దసారు కూడా అదే అన్నారు. బొమ్మల్తో చదువు మొదలెట్టినోళ్లు చివరికి నాలాగే ఇనుము కాల్చుకోవాలంట."

"మీ మొహమ్మీదే అన్నారా?"

"మామూలుగానే అన్నారండి. నాకూ అప్పుడేమీ అనిపించలేదు."

టీచరు ఈ మనిషిని నాలుగు మాటలు దులిపేద్దామని వచ్చింది. ఆ నాలుగూ ఇప్పుడు వేరొకరికి చెందినవని అర్థమైంది. ఇనుము మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చుంది. నల్లద్దం పెట్టుకున్న మనిషిని గీసింది. ఎదురుగా రెండు జడల పిల్లని గీసింది. ఇద్దరి నోళ్ల దగ్గరా బుడగలు గీసి, వాటిలో మాటలు రాసింది.

"గవ్వా, ఇలా రా. ఇది నువ్వెప్పుడూ చూడలేదు. చదువు."

గవ్వ తండ్రి వైపు బెదురుగా చూసి, వంగి వేలు పెట్టింది. "నాన్నా... ఆకలి... వే... వేస్తోంది." రెండో బుడగలో ఒత్తు దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. "ఈ ఒక్క కమ్మీ... అతికించి... వస్తా." తలెత్తి తండ్రితో, "నువ్వు రోజూ ఇలాగే అంటావు," అంది.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడాయన. చదివింది. ఆయన బొమ్మ చుట్టూ తిరిగి వచ్చి, అక్షరాలు తొక్కకుండా కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మరోసారి చదివించుకున్నాడు.

"ఇదా సర్కసు?" అన్నాడు. లేచి నిలబడి, "ఆ బీరువా తాళం ఎలాంటిదండి?" అని అడిగాడు.

"బయట గొళ్లేనికి వేసింది. చెవి పోయిందంటున్నారు."

"పోతే కొయ్యాలి కదా మరి."

మర్నాడు ప్రార్థన అవగానే ఆయన ఇనుము కోసే గ్రైండరు భుజాన వేసుకుని హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. వెనకే టీచరు వచ్చింది. మిగతా టీచర్లు గుమ్మం దగ్గర మూగారు.

"ఎవరయ్యా నిన్ను రానిచ్చింది?" అని హెడ్మాస్టరు బీరువాకు అడ్డంగా నిలబడ్డాడు. "పోలీసుల్ని పిలుస్తా."

"పిలవండి సార్," అన్నాడు వెల్డరు. "తాళంచెవి పోయిందన్నారు కదా, సాయం చేద్దామని వచ్చా. కొత్త తాళం కూడా తెచ్చా. మీరు కాస్త పక్కకి జరగండి, రవ్వలు పడతాయి."

వైరు తగిలించి మీట నొక్కాడు. చక్రం గీమని తిరిగింది. హెడ్మాస్టరు ఉలిక్కిపడి పక్కకు తప్పుకుని, గబగబా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీశాడు.

వెల్డరు మీట ఆపేశాడు. గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పిపుచ్చుకున్నారు.

టీచరుకు మాత్రం నవ్వు రాలేదు. పుస్తకాలకు తాళం పడి ఇరవై మూడు రోజులు. ఈ ఇరవై మూడు రోజుల్లో తొమ్మిదిమందిలో ఇద్దరు మళ్లీ కళ్లు మూసుకుని అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరి మొహాలూ ఆమె కళ్ల ముందు కదిలాయి.

"అది మీ దగ్గరే ఉంచుకోండి సార్," అంది, వినపడీ వినపడనట్టు. "పోయిందన్నారుగా. పోయిందనే ఉండనివ్వండి." తర్వాత వెల్డరు వైపు తిరిగింది. "మీరు కొయ్యండి."

రవ్వలు లేచాయి. తాళం తెగి కింద పడింది. టీచరు పుస్తకాలన్నీ రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచింది.

వారం తిరక్కుండా ఆమెకు సంజాయిషీ అడుగుతూ పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఒక్క పేజీలో సమాధానం రాసింది: తాళానికి బదులు తాళం ఇచ్చాం, పిల్లల ఇరవై మూడు రోజులకు బదులు ఎవరేమిస్తారో తెలియజేయగలరు. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమెను మాత్రం ఐదో తరగతికి మార్చారు. రెండో తరగతికి వచ్చిన మాస్టారు నెమ్మదస్తుడు. "ఇంటర్వెల్లో పిల్లలు మీ దగ్గరికొస్తే నేను చూడలేదనుకోండి," అన్నాడు. అంతకంటే ధైర్యం ఆయనకు లేదు. ఆమె కూడా అడగలేదు.

ఏడాది చివర, ముందెన్నడూ చూడని పేజీ ఇస్తే తొమ్మిదిమందిలో ఆరుగురు చదివారు. గవ్వ ఒత్తుల దగ్గర తడబడింది కానీ ఆఖరి వాక్యం దాకా వెళ్లింది. హెడ్మాస్టరు పైకి పంపే రిపోర్టులో, బడిలో పెంచిన క్రమశిక్షణ వల్ల ఈ ఫలితం వచ్చిందని రాసి, సంతకాల కోసం టీచర్లందరికీ పంపాడు. ఆమె ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టింది. ఆయన ఆ కాగితాన్ని పక్కన పడేసి, ఆమె సంతకం లేకుండానే ఇంకొకటి పంపించాడని తర్వాత తెలిసింది.

తెలిసిన రోజు ఆమె స్టాఫ్ రూములో టీ గ్లాసు అలాగే వదిలేసి వరండాలోకి వచ్చింది. ఇంకా చదవడం రాని ముగ్గురూ మెట్ల మీద ఎదురుచూస్తున్నారు. వాళ్లకోసం రాత్రి గీసిన పుస్తకానికి ఇంకా రంగులు వెయ్యలేదు. వాళ్ల మధ్య కూర్చుని మొదటి పేజీ తెరిచింది.