ఎదురింటికి పోసిన నూనె

పొద్దున్నే లేవగానే మర్డీనా చేసే మొదటి పని గోడమీది మీట తిప్పడం. కింద సెల్లార్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఓసారి దగ్గి, గుర్రుమని అంటుకునేది. ఈలోపు ఆవిడ టీ నీళ్ళు పొయ్యిమీద పడేసి, కుర్చీ లాక్కుని, మేజోళ్ళ కాళ్ళు రెండూ వంటింటి నేలలో బిగించిన ఇనుప జాలీమీద పెట్టుకుని కూర్చునేది. జాలీలోంచి వేడిగాలి పైకొచ్చేది. గాలితోపాటు అమ్మ గొంతూ వచ్చేది.

"జావ అడుగంటుతోంది! ఈ కొంపలో ఎవరికీ ముక్కుల్లేవా?"

"ఇవాళ జావ పెట్టలేదమ్మా," అనేది మర్డీనా టీ కప్పు తుడుచుకుంటూ.

అమ్మ, అంటే కేటీ బెల్, పోయి పదేళ్ళు దాటింది. అయితే ఏం? కెనడాలో కేప్ బ్రెటన్ తీరాన ఆ గ్లెన్ బాన్ ఊళ్ళో నూనె ఫర్నేసున్న ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. ఇంట్లో మనుషులు అనే మాటలన్నీ సెల్లార్లోని నూనె ట్యాంకులోకి దిగి ఊరతాయి. చలికాలం ఫర్నేసు వెలిగిస్తే మళ్ళీ పైకొస్తాయి. నూనె ఎన్నిసార్లు కొత్తగా పోయించినా మాటలు మాత్రం పాతవే. కొండకింద ఆర్చీ వాళ్ళింట్లో చచ్చిపోయిన తాత ఇప్పటికీ పేకాటలో దొంగాట ఆడి దొరికిపోతుంటాడు. ఫాదర్‌గారింట్లో పాత వంటమనిషి నోరు మరీ పచ్చిది, అందుకని పాపం ఆయన ఫర్నేసు ఆర్పేసి కోటేసుకుని కూర్చుంటాడు. తేలిక మాటలు నూనె పైన తేలతాయి, బరువు మాటలు అడుక్కి పోతాయి. ఫర్నేసుకి వెళ్ళే గొట్టం అడుక్కంటే కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ అడుగు మాటలు ఎవరికీ వినపడవు. వినాలని ఎవరికీ తోచనూలేదు.

ఆ ట్యాంకు ఇంటికొచ్చిన చలికాలం మర్డీనాకి బాగా గుర్తు. అంతవరకూ బొగ్గు, మసి, దగ్గు. నూనె వచ్చిన రోజు తనూ, చెల్లెలు డొలీనా పొడుగు గౌన్లతో జాలీమీద నిలబడితే, వేడిగాలికి గౌన్లు బూరెల్లా పొంగాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మోచేతుల్తో తోసుకుంటూ, పడీపడీ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అంత సుఖం మళ్ళీ ఎప్పుడైనా చూశామా అనిపిస్తుంది మర్డీనాకి.

ఆ డొలీనా ఇప్పుడు ఎదురింట్లోనే ఉంది. మధ్యన రోడ్డు, అంతే. కానీ అది కేథలిక్కుల ఇంట పుట్టి, ప్రొటెస్టెంటు పిల్లాడు అలెక్‌ని వాళ్ళ చర్చిలో పెళ్ళి చేసుకొచ్చిన రోజున కేటీ బెల్ గుమ్మంలో నిలబడి, ఊరంతా చూస్తుండగా, "ఇక నా గడప తొక్కకు" అనేసింది. అన్నాక ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. పోయాక కూడా, జాలీలోంచి కోళ్ళనీ పాలవాణ్ణీ వాతావరణాన్నీ తిట్టిందే గానీ డొలీనా అన్న మాట ఒక్కసారీ రాలేదు. మర్డీనా పెళ్ళీ గిళ్ళీ లేకుండా అమ్మతోనే ఉండిపోయింది. రోడ్డు దాటితే అమ్మకి ద్రోహం చేసినట్టని దాటలేదు. అమ్మ పోయాకైనా దాటచ్చుగా అంటే, పోతే కదా, రోజూ వంటింట్లోనే ఉందాయె!

అలెక్ పోయాడు. డొలీనా ఇల్లు బేరానికి పెట్టింది. వచ్చేవారం సంతకాలట, ఆ తర్వాత హాలిఫాక్సులో ఏదో ఒంటిగది ఫ్లాటుకి వెళ్ళిపోతుందట. కోఆప్ కొట్లో గల్లాపెట్టె దగ్గర పిల్ల చెబితే తెలిసింది మర్డీనాకి. ఇంటికొచ్చి కోటు విప్పకుండా అలాగే కూర్చుండిపోయింది. తోడబుట్టింది వెళ్ళిపోతోంది. ఇక ఈ జన్మకి చూడదు. వెళ్ళొద్దని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది, కాళ్ళు మాత్రం గుమ్మం దాటడం లేదు.

సరిగ్గా అప్పుడే ట్యాంకు గొడవ వచ్చిపడింది. ఇనుం ముసలిదైపోయింది, తీయించకపోతే ఇంటికి బీమా లేదన్నారు బీమా వాళ్ళు. ఊళ్ళో అందరూ తీయించేస్తున్నారు. ఇంటి బయట ఒక తెల్లడబ్బా, లోపల గోడకి ఇంకో తెల్లడబ్బా. కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు. వేడికేం లోటులేదు, కానీ మాటా పలుకూ లేని వేడి. మర్డీనా కూడా పెట్టించుకుంది, తప్పదు కదా.

ట్యాంకు పీకడానికి జానీ రోరీ వచ్చాడు, పంపూ డ్రమ్ములూ రంపమూ వేసుకుని. సెల్లార్లో ట్యాంకుని వేళ్ళతో కొట్టి చూశాడు.

"పిన్నీ, ఇంకా పావువంతు నూనె ఉంది. ఎవరికిద్దాం?"

ఆ ఊరి ఆనవాయితీ అది. మిగిలిన నూనె పారబొయ్యరు, దగ్గర్లో ఇంకా నూనె కాల్చే ఇంటికి పోస్తారు. దగ్గర ఇల్లంటే ఎదురిల్లే. జానీ తలగోక్కున్నాడు.

"మరి... కొండదారి గడ్డకట్టి నూనె బండి రావట్లేదు. డొలీనా పిన్ని ట్యాంకు ఎండిపోయింది. అలెక్ బాబాయి రొయ్యలు పట్టే చెక్క బోనులు విరిచి పొయ్యిలో పెడుతోంది పాపం."

మర్డీనా ట్యాంకుమీద చెయ్యి వేసింది. నూనె ఇచ్చేస్తే అమ్మ కూడా పోతుంది. పొద్దున్నే తిట్టేవాళ్ళు ఉండరు. కానీ చలిలో చెల్లెలు బోనులు విరుచుకుంటోంది.

"ఇయ్యి," అంది.

జానీ రోడ్డు దాటి వెళ్ళి, బూట్ల నిండా మంచుతో తిరిగొచ్చాడు. "వద్దంది పిన్నీ. 'దాని దానం నాకెందుకు' అంది."

"దానం ఎవడు చేశాడట? అది అమ్మ నూనె. దానికీ వాటా ఉందని చెప్పు!"

మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "సరేనంది. 'ఎంత పోస్తుందో కనుక్కో' అంది."

"ఎంతుంటే అంత! అడుగుదాకా తోడు. తర్వాత ఊరంతా తిరిగి అక్క కొలత తక్కువ పోసిందని చెప్పుకుంటుంది, నాకు తెలీదా దాని సంగతి!"

"అడుగున మడ్డి పిన్నీ. అది డ్రమ్ములో పట్టుకెళ్ళి పారేసేది. ఆవిడ ఫర్నేసు పాడైపోతుంది."

"ఉన్నిగుడ్డలో వడకట్టు. గుడ్డలో మిగిలిందే మడ్డి."

"మీ ఇద్దరి పంతాల మధ్య నా నడుం విరిగేలా ఉంది," అని గొణుక్కుంటూనే వడకట్టాడు జానీ. డబ్బాల్లోకెత్తి, మంచుబండిమీద లాక్కెళ్ళి ఎదురింట్లో పోసొచ్చాడు. తర్వాత ట్యాంకుని రంపంతో రెండు ముక్కలు చేసి, పాత ఇనుం కొట్టుకి లారీమీద వేసుకెళ్ళిపోయాడు.

మర్డీనా టీ పెట్టుకుంది. గోడమీది డబ్బా మెత్తగా వేడి ఊదింది. టీ పొంగి పొయ్యిమీద పడింది. ఎవరూ తిట్టలేదు. ఆవిడ పొయ్యి తుడుస్తూ, అంత వయసొచ్చి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఎదురింటి పొగగొట్టంలోంచి పొగ లేచింది. కాసేపటికి ఆ తలుపు తెరుచుకుంది. డొలీనా కోటు కూడా లేకుండా, ఇంట్లో చెప్పులతోనే మంచులోకి దిగి, రోడ్డు మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. గడప తొక్కొద్దన్నారుగా, ఇప్పటికీ తొక్కదు.

"మర్డీనా! రావే. అమ్మ!"

మర్డీనా కాళ్ళు ఏమయ్యాయో, రోడ్డు ఎప్పుడు దాటిందో తెలీదు. ఆ ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. ఇద్దరూ వంటింటి జాలీ పక్కన నేలమీదే కూలబడ్డారు. వేడిగాలిలో అమ్మ గొంతు వస్తోంది. కసిరే గొంతు కాదు. తోడి, వడకట్టి, తిరగబోసేసరికి అడుగున పడున్న మాటలు పైకి కలిసినట్టున్నాయి. సెల్లార్లో బంగాళాదుంపలు ఏరుకుంటూ, ఎవరూ వినరనుకుని తనలో తను మాట్లాడుకునే గొంతు.

"డొలీనా ఇంట్లో ఇవాళ దీపం ఆలస్యంగా వెలిగింది. ఒంట్లో బాలేదో ఏమో... అలెక్ పడవ ఇంకా రాలేదు, గాలి ముదురుతోంది. దేవుడా, ఆ ప్రొటెస్టెంటు వెధవని కూడా ఒడ్డున పడెయ్యి, నా పిల్ల తట్టుకోలేదు."

"వెధవ అందే మా ఆయన్ని," అని నవ్వబోయి ఏడ్చేసింది డొలీనా.

జాలీలోంచి అమ్మ ఇంకా అంటోంది: "నేనెలా వెళ్ళను? అందరి ముందూ నోరు జారాను. పోనీ మర్డీనా అయినా వెళ్ళచ్చుగా. వెళ్తే చూడనట్టు ఊరుకుందును. ఓ డబ్బాడు జామ్ పట్టుకెళ్ళినా అడగను. వెళ్ళదు. నేనంటే ప్రేమ దానికి. ఆ ప్రేమ పాడుగాను!"

మర్డీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరికోసం రోడ్డు దాటలేదో ఆ మనిషే, ఇన్ని చలికాలాలు, తను దాటాలని కింద చీకట్లో ఎదురుచూసింది.

"నాకు తెలీదే డొలీనా," అంది. "ఒట్టు. వెళ్ళమని ఒక్కమాట పైకి వచ్చి చెప్పుంటే..."

"చెప్పదు. నువ్వయితే చెబుతావా? నేనయితే చెబుతానా?" డొలీనా శాలువా చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎన్నాళ్ళొస్తుందే ఈ నూనె?"

"పొదుపుగా కాలిస్తే ఈస్టర్ దాకా వస్తుంది."

 డొలీనా లేచి, అట్టపెట్టెల్ని కాలితో పక్కకి నెట్టుకుంటూ ఫోను దగ్గరికి వెళ్ళి, ఇల్లమ్మిపెట్టే మనిషికి చేసింది.

"నేనండీ, డొలీనాని. వచ్చేవారం సంతకాలు వద్దు. ఇల్లివ్వడం లేదని, కొంటామన్న ఆ టొరాంటో వాళ్ళకి చెప్పెయ్యండి... ఎందుకేమిటండీ? మా అమ్మ వచ్చింది."

అవతలి మనిషి కాస్త విసుక్కున్నాడు. మర్డీనాకి కూర్చున్నచోటికే స్పష్టంగా వినబడింది.

"ఆ ముక్క ముందే చెబితే ఏం పోయిందమ్మా? మనిషి ఉన్న ఇల్లు నేనెలా అమ్ముతాను?"